తలుపు కొట్టింది మా తాతయ్య కాదు

నా చిన్నప్పుడు, మేము దమ్మాంలో ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఇప్పటికి మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ నన్ను పూర్తి చేయనివ్వలేదు. మొదటిసారి మా తాతయ్య జ్ఞాపకార్థ కూడికలో లేచి నిలబడితే, పాస్టరుగారు టైమైపోయిందని కూర్చోబెట్టారు. నా తర్వాత మా పెద్దమావయ్య ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అప్పుడు ఎవరికీ టైము గుర్తుకు రాలేదు. రెండోసారి మా చెల్లెలి నిశ్చితార్థం రోజున మొదలుపెడితే శుభమా అని ఇప్పుడెందుకురా అన్నారు. మూడోసారి కిందటి క్రిస్మస్‌కి భోజనాల దగ్గర నోరు విప్పగానే మా అమ్మ చేపల పులుసు గిన్నె నా ముందుకు జరిపి "తిను" అంది. తిన్నాను. కానీ మరిచిపోలేదు.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని ఎవరూ కూర్చోబెట్టలేరు.

మా ఇంట్లో మనవలందరిలోకీ పెద్దవాణ్ణి నేను. నా తర్వాతి పిల్లలకి మా తాతయ్య గురించి తెలిసింది ఒక్కటే. ఆయన సౌదీకి చుట్టపుచూపుగా వచ్చి, పండగ సరదాకి ఎవరి తలుపో బాది, ఒక మనిషి కాలు విరగడానికి కారణమయ్యాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆయనకి "గర్గియాన్ తాత" అని పేరు కూడా పెట్టారు. ఆ కథ అబద్ధం. నిజం తెలిసినవాళ్లం ముగ్గురమేనని చాలాకాలం అనుకున్నాను. మా తాతయ్య, నేను, మా నాన్న. తాతయ్య లేరు. నేను చెబితే వినరు. మా నాన్న నోరు విప్పడు.

అప్పటికి నాకు పదకొండేళ్లు. అమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. నాన్న ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రీషియన్. నితాఖత్ అనే మాట ఆ రెండేళ్లలో మా ఇంట్లో అన్నం, నీళ్లు అన్నంత మామూలైపోయింది. ఎంతమంది సౌదీవాళ్లను పనిలో పెట్టుకున్నారన్నదాన్ని బట్టి కంపెనీలకి ప్రభుత్వం రంగులు వేసింది. పచ్చరంగు వస్తే బతికినట్టు, ఎర్రరంగు వస్తే అందులో పనిచేసేవాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, మళ్లీ పొడిగించరు. దానికి తోడు విదేశీ పనివాడు ఒక్కొక్కడి మీదా లెవీ అనే కొత్త పన్ను. చిన్న కంపెనీలు ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి. నాన్న కంపెనీ ఎరుపులో పడింది. ఆయన ఇఖామా గడువు దాటిపోయి, పచ్చ కంపెనీ ఏదైనా తీసుకుంటుందేమోనని ఎదురుచూస్తూ ఇంట్లోనే కూర్చున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, టీవీ సౌండు తగ్గించేవాడు.

మా బిల్డింగు పాతది. కింద ఒక యెమెనీ ముసలాయన కిరాణా కొట్టు. మొదటి అంతస్తులో మేము, మా పక్కన నలుగురు నర్సులు కలిసి ఉండే ఫ్లాటు. రెండో అంతస్తు ఖాళీ. డాబా మీద ఒకే ఒక పెద్ద గది, దాన్ని ములహక్ అనేవాళ్లు. అందులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఆరుగురు మనుషులు ఉండేవాళ్లు. వాళ్ల కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒకచోట, వాళ్లు చేసే పని ఇంకొకచోట. అలాంటివాళ్లందరూ కాగితాలు సరిచేసుకోవాలని, లేదంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వెళ్లిపోవాలని ప్రభుత్వం కొన్ని నెలల గడువు ఇచ్చింది. గడువు ఉన్నంతకాలం ఎవరినీ పట్టుకోరని పేపర్లో రాశారు. డాబా మీద ఆ పేపరుని నమ్మినవాడు ఒక్కడూ లేడు. గడువు ప్రకటించడానికి ముందు జవాజాత్ వాళ్లు, అంటే ఇఖామాలు తనిఖీ చేసే పోలీసులు, వెనక వీధిలో ఒక గది మీద పడి అందరినీ బస్సెక్కించడం వాళ్లు కళ్లారా చూశారు.

అందుకని వాళ్ల తలుపుకి ఒక లెక్క ఉండేది. రెండుసార్లు కొట్టి, ఆగి, ఒకసారి కొట్టాలి. అలా కొడితేనే తీస్తారు. ఆ లెక్క వాళ్లు కాక తెలిసింది మా ఇంటికే. వాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే మా అమ్మ మందులిచ్చేది, అవి పైకి పట్టుకెళ్లేది నేను. ఆరుగురిలో పెద్దాయన టైల్స్ మేస్త్రీ. నా సైకిలు చైను ఊడిన ప్రతిసారీ వేసిపెట్టేవాడు. ఆయన్ని నేను జగిత్యాల మామ అనేవాణ్ణి. ఆయనకి ఒక పచ్చ కంపెనీ దొరికింది. ఆ వచ్చే ఆదివారం వేలిముద్ర వేయడానికి రమ్మన్నారు. ఆరుగురిలో గట్టెక్కబోతున్నది ఆయన ఒక్కడే.

మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, మూడు నెలల విజిట్ వీసా మీద వచ్చాడు. పాలకొల్లు దగ్గర కాలువ లాకుల మీద లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. వచ్చిన మొదటిరోజే ఆయనకి నా ఫిర్యాదులన్నీ చెప్పాను. అందులో ముఖ్యమైనది హాలోవీన్. కిందటి అక్టోబరులో మా క్లాసు పిల్లవాడొకడు వాళ్లుండే గేటెడ్ కాంపౌండులో దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుక్కునే ఆట ఉందని, తొమ్మిదిమందిని పిలిచాడు. క్లాసులో తొమ్మిదిమంది. నన్ను కాదు. గేటు దగ్గర పేర్ల లిస్టులో చోటు లేదన్నాడు. నేను దుప్పటికి కళ్ల దగ్గర చిల్లులు కూడా కత్తిరించి పెట్టుకున్నాను, అమ్మ తిట్టింది కూడా. ఈ సంగతి ఎనిమిది నెలలుగా ఇంట్లో ఎవరికి చెప్పినా "పోనీలే" అన్నారు. తాతయ్య ఒక్కడే ఆ తొమ్మిదిమంది పేర్లూ అడిగాడు. ఒక్కొక్క పేరుకీ "ఆహా" అన్నాడు.

రంజాన్ నెల సగానికి వచ్చేసరికి యెమెనీ తాత కొట్టు ముందు రంగు రంగుల సంచులు వేలాడదీశాడు. అవెందుకని తాతయ్య సైగలతో అడిగాడు. నేను అటూ ఇటూ మాట చేరవేశాను. దమ్మాం వైపు ఆ నెల మధ్యలో గర్గియాన్ అని పిల్లల పండగ చేస్తారు. మంచి బట్టలు, కుట్టుపని చేసిన టోపీలు పెట్టుకుని, మెడలో సంచీ వేసుకుని, డప్పు కొడుతూ పాడుతూ ఇంటింటికీ వెళితే, గింజలు, వేరుశనక్కాయలు, చాక్లెట్లు సంచుల్లో పోస్తారు. అది విని మా తాతయ్య మెట్ల మీదే కూలబడి నవ్వాడు.

"ఒరేయ్, మన క్రిస్మస్ క్యారల్సే కదంట్రా ఇవి! నలభయ్యేళ్లు డోలక్ పట్టుకుని తిరిగాను. నీ దయ్యాల పండగ వాళ్లనే చేసుకోనీ. మనం దీనికి పోదాం."

రెండు రోజులు ఆయన అదే పని. పాలపొడి డబ్బాకి ప్లాస్టిక్ కవరు బిగించి డప్పు చేశాడు. పక్కింటి అక్క, ఆ నర్సుల్లో అందరికంటే ఎక్కువ నవ్వే మనిషి, ఎక్కడి నుంచో నా కొలత తెల్ల తోబ్, అరబ్బులు వేసుకునే పొడవాటి అంగీ, తెచ్చింది. మా అమ్మ పాత పట్టు జాకెట్టు కుట్లు విప్పి, జరీ అంచు పెట్టి నాకో పైకోటు కుట్టింది. బాస్మతి బియ్యం వచ్చే జిప్పు సంచికి తాడు కడితే నా మెడలో సంచీ అయింది. నాన్న మాత్రం "ఈ రోజుల్లో వీధిలో తిరగడమేమిటి" అని ఒకసారి అని, మళ్లీ ఫోన్లో తల పెట్టాడు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యి, జనం ఉపవాసాలు విడిచాక బయలుదేరాం. గాలి ఉక్కగా, తడిబట్టలాగా ఒంటికి అంటుకుంటోంది. ముందు పక్కింటికే వెళ్లాం. అక్క తలుపు తీసి రెండు చేతులూ జోడించింది.

"అబ్బో, షేకుగారు! ఎన్ని చమురు బావులండీ తమరికి?"

"లెక్క పెట్టలేదు" అన్నాను గంభీరంగా.

"పెళ్లికి ముందు లెక్క చెప్పాలి మరి. మా ఇంట్లో నలుగురం ఉన్నాం" అంది. వెనకున్న ముగ్గురూ పడీ పడీ నవ్వారు. సంచిలో జీడిపప్పు పోశారు. కింద యెమెనీ తాత నా తల మీద చెయ్యి పెట్టి దోసెడు వేరుశనక్కాయలు పోశాడు. వీధి అవతల ఒక సౌదీ ఇంట్లో గుమ్మం నిండా పిల్లలున్నారు, వాళ్లలో నన్నూ కలిపేసుకున్నారు. ఆ పాట నాకు సగమే వచ్చు. డప్పుతో సర్దుకున్నాను. ఆ ఇంటి ముసలమ్మ మా తాతయ్యకి కూడా ఖర్జూరాలు, చిన్న కప్పులో కాఫీ ఇచ్చింది. ఆయన రోడ్డు మీద నిలబడి రెండు గుక్కల్లో తాగి, ఆ కప్పుని రెండు చేతులతో తిరిగిచ్చాడు. మా వైపు క్యారల్స్‌కి వెళితే బెల్లం టీ ఇస్తారురా, ఇదీ అంతే, అన్నాడు. నేను ఆ రోజు ఉన్నంత సంతోషంగా అంతకుముందు లేను. నన్ను పిలవని తొమ్మిదిమందీ నా కళ్ల ముందు చిన్నబోయి నిలబడ్డట్టనిపించింది.

అక్కడితో ఆగి ఇంటికెళ్లిపోతే ఈ కథే లేదు. డాబా మీదికి వెళదామన్నది నేను. వాళ్లు పొద్దున్నుంచీ పనిచేసి వచ్చి ఉంటారు, రేపు చూద్దాం అన్నాడు తాతయ్య. నేను వినలేదు. దానికో కారణం ఉంది, దాన్ని కూడా రాయాలి. ఆ వారంలోనే పైన క్యారమ్స్ ఆడుతుంటే, వాళ్లేదో కాగితాల సంగతి మాట్లాడుకోవాలని నన్ను ఆట మధ్యలో లేపి పంపించేశారు. నావి ఇంకో రెండు కాయిన్లే ఉన్నాయి. "నువ్వు పో బుడ్డోడా, గివి పెద్దోళ్ల ముచ్చట్లు" అన్నారు. అన్నది జగిత్యాల మామే.

మెట్లెక్కుతూ మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తాతయ్యకి మోకాళ్లు పట్టేశాయి. మెట్టు మీద కూర్చున్నాడు. అలికిడికి నాన్న తలుపు కొంచెం తీసి, ఏమైందని అడిగాడు.

"ఏం లేదు అల్లుడుగారూ, ఊపిరి తీసుకుంటున్నాను" అని, నా వైపు తిరిగి తాతయ్య అన్నాడు: "నువ్వు ముందెళ్లు. వాళ్ల లెక్క ప్రకారమే కొట్టు నాన్నా. రెండు, ఆగి ఒకటి. మరిచిపోకు."

ఈ మాట ఆయన అన్నాడు. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ మధ్య మూడడుగులు కూడా లేదు. ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

నేను పైకి వెళ్లాను. తలుపు కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. లోపల ఎవరో నవ్వుతున్నారు. రెండు, ఆగి ఒకటి నాకు బాగానే గుర్తుంది. నేను కావాలనే అలా కొట్టలేదు. అరచెయ్యి చాచి, బలమంతా పెట్టి, ఆపకుండా బాదాను. గొంతు లావు చేసి, ఎదురింటి డ్రైవరు అరిచినట్టు "ఇఫ్తహ్ అల్ బాబ్!" అని అరిచాను. తలుపు తియ్ అని దానర్థం. వాళ్లు ఉలిక్కిపడి తలుపు తీస్తే తోబ్‌లో నేను కనిపించాలి. బుడ్డోడు అన్నందుకు వాళ్ల మొహాలు చూడాలి. నా ఆలోచన అంతవరకే.

లోపల వెలుతురు పోయింది. స్టూలు ఏదో పడింది. వెనక కిటికీ రెక్క గోడకి కొట్టుకుంది. పరుగెత్తే పాదాలు, పక్క డాబాకి దిగే ఇనుప నిచ్చెన చప్పుడు, తర్వాత ఏదో బరువైనది పక్క బిల్డింగు డాబా మీద పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఒక అరుపు. అది జగిత్యాల మామ గొంతని నాకు వెంటనే తెలిసింది.

నేను కిందికి పరుగెత్తాను. తాతయ్య లేచి నిలబడి ఉన్నాడు. నాన్న మా ఇద్దరి చేతులూ పట్టి లోపలికి లాగి, గొళ్లెం వేసి, లైటు ఆర్పేశాడు. ఆయన మొహం నాకింకా కనిపిస్తుంది. పైన నిజంగానే తనిఖీ వచ్చిందనుకున్నాడని కొందరనొచ్చు. కాదు. తాతయ్య నాతో చెప్పిన మాట విన్నాడు, నేను పైకెళ్లడం చూశాడు, బాదిన చప్పుడు విన్నాడు, నేను పరుగెత్తుకుంటూ దిగడం చూశాడు. ఆ అరుపుకి పోలీసులు వస్తే తన ఇఖామా సంగతి బయటపడుతుందన్నదే ఆయన భయం. లోపలి గదిలో డ్యూటీకి తయారవుతూ మెట్ల మీది మాటలేవీ వినని మా అమ్మ, తెల్ల కోటుతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. 

కాసేపటికి మా తలుపు మోగింది. రెండు, ఆగి, ఒకటి.

"సిస్టరమ్మా" అని పిలిచింది వాళ్లలో చిన్నవాడి గొంతు. "జర తలుపు తియ్యమ్మా, మేమే. మామ కాలు ఇరిగినట్టుంది. లేస్తలేడు."

నాన్న నోటి మీద వేలు పెట్టాడు. అమ్మ ఒకడుగు వేస్తే, చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ మోగింది. రెండు, ఆగి, ఒకటి. బయట ఆ కుర్రాడు ఏడుస్తున్నాడు. ఆ చీకట్లో నాకు తెలిసింది, ఆ లెక్క ఎందుకు పెట్టుకున్నారో. అవతల ఉన్నది మన మనిషేనని తెలియడానికి. తెలిసి కూడా తీయకపోవచ్చని నాకప్పటిదాకా తెలియదు.

మా తాతయ్య లైటు వేశాడు.

"అమ్మాయ్, నీ మందుల సంచీ తీసుకో" అన్నాడు. తర్వాత నాన్న ముందుకెళ్లి, కోపం లేకుండానే, "అల్లుడుగారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. మీరిక్కడే ఉండండి. పైన ఆ తలుపు కొట్టించింది నేను. ఈ తలుపు తీసేదీ నేనే" అన్నాడు.

నాన్న పక్కకి జరిగాడు. ఆ మాట నిజం కాదని ఆయనకి తెలుసు. 

తాతయ్య నన్ను వదల్లేదు. నా చెయ్యి పట్టుకుని, ఆ మోకాళ్లతోనే డాబా దాకా ఎక్కాడు. పోలీసులెవరూ రాలేదని తెలుసుకుని, అప్పటికి మామని మోసుకొచ్చి గదిలో పడుకోబెట్టారు. మడమ దగ్గర ఎముక పక్కకి తిరిగి ఉంది. అమ్మ అట్టపెట్టె చింపి, చున్నీతో కాలికి కట్టు కట్టింది. తాతయ్య ఆయన పక్కన కింద కూర్చుని, చెమట తుడుస్తూ, "బాబూ, తలుపు బాదమన్నది నేనే. పండగ ఆటకి. బుద్ధి లేకుండా చేశాను. పిల్లవాడిది తప్పు లేదు" అన్నాడు. గదిలో మిగతా ఐదుగురూ ఆయన వంక చూసిన చూపు నేను చూడలేకపోయాను. ఒకతను "పెద్దమనిషివి, గింత ఎరుక లేదా?" అన్నాడు. తాతయ్య తల వంచుకున్నాడు. నేను నోరు తెరిచాను. తాతయ్య నా చెయ్యి గట్టిగా నొక్కాడు. అంత నొప్పిలోనూ మామ నా తోబ్‌నీ, జరీ కోటునీ, మెడలో బియ్యం సంచినీ పైనుంచి కిందికి చూసి, "జవాజాత్ సార్లు గింత పొట్టిగుంటరని నాకు తెల్వకపాయె" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను ఏడ్చాను.

యెమెనీ తాత తన పికప్‌లో అమ్మ పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కౌంటరు దగ్గర ఇఖామా అడిగితే అందరూ నేల చూపులు చూశారు. మా అమ్మ ముందుకెళ్లి, ఈయన నాకు తెలిసిన మనిషి, ముందు ఎక్స్‌రే తియ్యండి, అంది. ఆవిడ ఉద్యోగం మీదే ఆ రోజు మా ఇల్లు నడుస్తోంది. అయినా అంది. మా తాతయ్య తన పాస్‌పోర్టు తీసి కౌంటరు మీద పెట్టాడు. దాంతో ఏం పని లేదని వాళ్లు చెప్పినా వెనక్కి తీసుకోలేదు. గడువు రోజులు కాబట్టి ఎవరినీ పిలవలేదు. పిండికట్టు వేసి, మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు.

ఆదివారం వచ్చింది. ఆ పచ్చ కంపెనీవాళ్లు, మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేయలేని మేస్త్రీని ఏం చేసుకుంటాం అన్నారు. ఆ చోటు ఇంకెవరికో ఇచ్చారు. మామ ఎగ్జిట్ కొట్టించుకున్నాడు. పద్నాలుగేళ్లు ఆ దేశంలో పనిచేసి, అక్కడ అందరికంటే ముందు గట్టెక్కాల్సినవాడు అందరికంటే ముందు ఇంటికెళ్లాడు.

తాతయ్య వీసాకి ఇంకా నెలన్నర ఉంది. నాన్న టికెట్టు ముందుకి మార్చాడు. ఆయన ఇక్కడుంటే ఇంకేం తెచ్చిపెడతాడో అన్నాడు, అదీ ఆయన వినేలా. తాతయ్య సరేనన్నాడు. ఒక్కటే అడిగాడు, మామ వెళ్లే విమానంలోనే తనకీ సీటు కావాలని. ఎయిర్‌పోర్టులో మామ కూర్చున్న చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. నాకు చెయ్యి ఊపడానికి కుర్చీ వదలాల్సి వస్తుందని, తల మాత్రం ఊపాడు.

హైదరాబాదులో దిగి ఆయన పాలకొల్లు రైలెక్కలేదు. మామతో పాటు వాళ్ల ఊరు వెళ్లాడు. ఆ సంగతి మా ఇంట్లో "పిచ్చి పని" అనే పేరుతోనే వినేవాణ్ణి. అక్కడేం జరిగిందో మాకెవరికీ చెప్పకుండానే తాతయ్య పోయాడు. ఆయన పోయాక నేను వెతికి వెతికి మామ ఫోను నంబరు పట్టుకున్నాను.

మామ చెప్పాడు. "మీ తాత మా గడపల నిలవడి, అమ్మా, మీ కొడుకు కాలు నా వల్లనే ఇరిగింది అన్నడు. మా అమ్మ ఊకుంటదా? తిట్టింది. చుట్టుపక్కలోళ్లంత జమైన్రు. లోపలికి రమ్మని ఎవలన్లే. గంటసేపు ఎండల నిలవడ్డడు. ఒక్క మాట ఎదురు చెప్పలే. ఆఖరికి మా అమ్మనే మంచినీళ్లిచ్చింది. రెండొద్దులు ఉండి, నన్ను డాక్టరుకు సూపిచ్చి పోయిండు. మల్ల ఏడాదిదాక నెలకోపారి ఫోన్ జేసెటోడు, నడుస్తున్నవా బిడ్డా అని."

అప్పుడు చెప్పాను. ఇంట్లో నన్ను చెప్పనివ్వనిదాన్ని, నా వల్ల కాలు విరిగిన మనిషికే ఫోన్లో చెప్పాను. మామా, ఆ తలుపు బాదింది నేను, తాతయ్య లెక్క ప్రకారమే కొట్టమన్నాడు, క్యారమ్స్ ఆటలోంచి లేపేశావని నేనే కావాలని చేశాను. 

"ఎరికేరా షేఖ్" అన్నాడు మామ. "ముసలాయన చెయ్యి గట్ల మోగది. ఆయన మీదేసుకుంటున్నడని ఆ రాత్రే సమజైంది. ఆయన ఇజ్జత్ కోసం నేను ఊకున్న." తర్వాత అడిగాడు: "మరి మీ నాయిన ఏమంటడు?"

ఆ మనిషి ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఊళ్లో చిన్న టైల్స్ కొట్టు పెట్టుకున్నాడు. 

నేను మా తాతయ్య నుంచి నేర్చుకున్నది ఆ గంటసేపు ఎండలో నిలబడటం. ఆ తర్వాత నా జీవితంలో నేను ఎవరికైనా చెడు చేస్తే ఫోనుతో సరిపెట్టలేదు, మధ్యవర్తిని పంపలేదు. వాళ్ల గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. రెండుచోట్ల లోపలికి పిలిచారు. ఒకచోట తలుపు మొహం మీదే వేశారు. వెళ్లినందుకు ఒక్కసారీ చింతించలేదు. జగిత్యాల కూడా వెళ్లాను. మామ వాళ్లమ్మ అప్పటికి లేదు, ఆ గడపలోనే నిలబడి మామకి చెప్పాను. నేను చేసినదానికి నేను వెళ్లాల్సిన గుమ్మాలు అయిపోయాయి. ఇక మిగిలింది ఒకటే, అది మా ఇంట్లోనే ఉంది.

నాన్నా, ఇది నీకు. నీ భయం నాకు తెలుసు. నీ ఇఖామా పోయింది, ఇద్దరు పిల్లలు, ఆ రోజు తలుపు తీయనందుకు నిన్ను నేను తప్పు పట్టడం మానేసి చాలాకాలమైంది. కానీ ఆ మరుసటి ఏడు నీకు పచ్చ కంపెనీ దొరికింది. భయం పోయింది. సొంతూళ్లో సొంతిల్లు కట్టుకున్నావు. చుట్టాల మధ్య కూర్చుని వాళ్లు "గర్గియాన్ తాత" అని నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. నన్ను కాపాడటానికే ఊరుకున్నానంటావేమో. నాకు పదకొండేళ్లప్పుడు ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు నేనే ఒప్పుకుంటుంటే ఎవర్ని కాపాడుతున్నావు?

ఈ కాగితాలు నీ కళ్లజోడు కింద పెడుతున్నాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్యలు, పిల్లలు అందరూ మనింటికే భోజనానికి వస్తున్నారు. పులుసు గిన్నె ఎవరూ నా ముందుకి జరపొద్దని అమ్మకి చెప్పాను. వాళ్లందరి ముందు నిన్ను ఒక్కటే అడుగుతాను. ఆ సాయంత్రం మా తాతయ్య నాతో ఎలా కొట్టమన్నాడో, గుమ్మంలో నిలబడి నువ్వు విన్నావా, లేదా? అవునో కాదో చెప్పు నాన్నా. నేను కూర్చోను.